గాజుపలక మీద చుక్కలు

కంప్యూటర్ జాతకం అని బోర్డు కనపడితే చదువుకున్నవాళ్ళు కూడా లోపలికి వెళతారు. యంత్రం చెబితే తప్పుండదని నమ్మకం. లోపల వేసింది పాత పంచాంగమే అయితే బయటికొచ్చేదీ అదే కదా! ఇప్పుడు న్యూట్రినోలను కూడా కంప్యూటరే నేర్చుకుని గుర్తుపడుతోందంటే, ఇదీ అలాంటి మహిమే అనుకునేవాళ్ళున్నారు. కాదు. ఎందుకు కాదో తెలియాలంటే ముందు కలకత్తా కథ చెప్పుకోవాలి.

1938 తర్వాత అక్కడి బోస్ ఇన్‌స్టిట్యూట్‌లో డి.ఎం. బోస్, బిభా చౌధురి కాస్మిక్ కిరణాల మీద పని చేశారు. ఫొటో పూత ఉన్న గాజుపలకలను డార్జిలింగ్, సందక్‌ఫూ కొండల మీద నెలల తరబడి ఉంచారు. కణం దూసుకుపోయిన దారిలో సన్నని నల్లచుక్కల వరుస మిగులుతుంది. మైక్రోస్కోపు కింద చుక్కల ఎడం, దారి వంకర కొలిచి, కణం బరువు ఎలక్ట్రానుకు సుమారు 200 రెట్లని లెక్కగట్టారు. 1940-42 మధ్య ఆ ఫలితాలు 'నేచర్'లో వచ్చాయి. యుద్ధకాలంలో ఇంతకంటే మేలైన పలకలు దొరకలేదు. 1947లో బ్రిస్టల్‌లో పావెల్ బృందం అలాంటి పలకలతోనే పై-మెసాన్‌ను పట్టుకుంది. 1950లో పావెల్‌కు నోబెల్ వచ్చింది. అన్నీ మన పురాణాల్లోనే ఉన్నాయని గొప్పలు చెప్పేవాళ్ళు బిభా పేరు మాత్రం ఎత్తరు!

1949లో ఆమె బొంబాయి టాటా పరిశోధనా సంస్థలో చేరారు. 1965లో ఆ సంస్థ జపాన్, బ్రిటన్ శాస్త్రవేత్తలతో కలిసి కోలారు బంగారు గనిలో, సుమారు 2.3 కిలోమీటర్ల లోతున, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ కనిపెట్టింది. న్యూట్రినో కనపడదు. అది రాతిని ఢీకొన్నప్పుడు పుట్టే మ్యుయాన్ దారి కనపడుతుంది. నియాన్ గొట్టాల మెరుపులను ఫొటో తీసి ఆ దారిని పోల్చుకున్నారు.

అమెరికాలోని నోవా ప్రయోగంలో పెద్ద డిటెక్టరే 14,000 టన్నులు. అందులో పడే బొమ్మలన్నీ మనుషులు కూర్చుని చూడలేరు. అందుకే 2016లో బొమ్మలను పోల్చే న్యూరల్ నెట్‌వర్కును వాడారు. ఏ కణం ఎలాంటి బొమ్మ వేస్తుందో కంప్యూటరులోనే సృష్టించి, జవాబులతో సహా చూపించి దానికి నేర్పారు.

ఇక్కడే అసలు ప్రమాదం. పలకలో పడని చుక్కను బిభా కన్ను చూడలేదు. అలాగే నేర్పిన బొమ్మలు తప్పైతే నెట్‌వర్కు కూడా తప్పే చెబుతుంది. అందుకే నోవావాళ్ళు నిజంగా జరిగిన సంఘటనల్లోంచి మ్యుయాన్ దారిని తీసేసి, అక్కడ కృత్రిమ ఎలక్ట్రానును పెట్టి, నెట్‌వర్కు ఏమంటుందో పరీక్షించారు. పొరపాటు ఎంతుండొచ్చో లెక్కగట్టి ఫలితంతో పాటే ప్రకటించారు.

ఈసారి కంప్యూటర్ జాతకం చెప్పేవాణ్ణి ఒక్క ప్రశ్న అడగండి: "ఇప్పటిదాకా ఎన్ని తప్పాయి, లెక్క రాశారా?"