ఎర్రచుక్క ఆరిపోయినప్పుడు

నేను సైనికుణ్ణి కాను, వేటగాణ్ణీ కాను. అయినా తుపాకి మీది గురిసాధనాల కథ చాలాకాలంగా నా ఆలోచనల్లో మెదలుతూనే ఉంది. ఆయుధం మీది మోజు దానికి కారణం కాదు. కొత్త పనిముట్టు ఇంట్లోకి వచ్చాక పాత పనిముట్టును ఏం చెయ్యాలన్న ప్రశ్న నన్ను అటువైపు లాగింది. నేటి సైనికుని రైఫిల్ మీద బ్యాటరీతో వెలిగే ఎర్రచుక్కను చూపే గాజు ఒకటి ఉంటుంది. దాని దగ్గరే, తరచుగా మడతపడి, ఒక చిన్న గురిపలక కూడా ఉంటుంది. అంత ఖరీదైన గాజును అమర్చుకున్నవారు ఆ ముక్కను ఎందుకు వదులుకోలేదు? ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు వెదికే ప్రయత్నం.

పాత పద్ధతిలో గొట్టం కొసన నిలువుగా ఒక పుల్ల, కంటి దగ్గర ఒక గాడి లేదా రంధ్రం ఉంటాయి. వెనుక రంధ్రం, ముందు పుల్ల, దూరాన లక్ష్యం — ఈ మూడూ ఒకే వరుసలోకి రావాలి. చిక్కు మన కంటిలోనే ఉన్నది. మూడు వేర్వేరు దూరాల్లో ఉన్న వస్తువులను కన్ను ఒకేసారి స్పష్టంగా చూడలేదు. అందువల్ల ముందు పుల్ల మీదనే దృష్టి నిలపమనీ, లక్ష్యం మసకబారినా ఫరవాలేదనీ శిక్షకులు చెబుతారు. ద్రోణుడు పెట్టిన పరీక్షలో అర్జునునికి పిట్ట తల తప్ప మరేదీ కనబడలేదని విన్న మనకు ఇది వింతగా తోస్తుంది. ఇనుప గురితో కాల్చేవాడు పిట్టను మసకగానే చూడాలి!

ఈ చిక్కుకు దారి చూపినవాడు ఖగోళ దూరదర్శినులు తయారుచేసే ఒక ఐరిష్ శిల్పి. డబ్లిన్ నగరవాసి సర్ హోవర్డ్ గ్రబ్ 1900లో పరావర్తన గురిసాధనానికి పేటెంటు పొందాడు. వాలుగా నిలిపిన గాజు మీద వెలుగుగుర్తును ప్రతిఫలింపజేసి, దాని కిరణాలు సమాంతరంగా కంటికి చేరేలా అమర్చడం అందులోని సూత్రం. అప్పుడా గుర్తు ఎంతో దూరాన, లక్ష్యం దగ్గరే ఉన్నట్టు కనిపిస్తుంది. కన్ను కాస్త అటూ ఇటూ కదిలినా గురి పెద్దగా చెదరదు. చూపును లక్ష్యం మీదనే ఉంచవచ్చు. అర్జునుని చూపు మళ్ళీ సాధ్యమయిందన్నమాట.

గ్రబ్ పేరు హైదరాబాదుకు కొత్తది కాదు. నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి తెప్పించిన 15 అంగుళాల దూరదర్శిని గ్రబ్ కర్మాగారంలో తయారైనదే. నిజామియా వేధశాలకు అదే పునాది. 1908లో నిజాం ప్రభుత్వం ఆ వేధశాల బాధ్యతను స్వీకరించింది. నక్షత్రాలను దగ్గర చేసిన చేతులే తుపాకి గురినీ మార్చాయన్న సంగతి తెలిసినప్పుడు, నేను కొంచెంసేపు ఏమీ తోచక ఊరుకున్నాను.

గ్రబ్ ఊహ తొలుత స్థిరపడింది రైఫిళ్ళ మీద కాదు, యుద్ధవిమానాల మీద. రెండవ ప్రపంచయుద్ధం నాటికి పైలటు ముందున్న గాజు మీద వెలుగువలయం కనబడేది. ఆ వెలుగు ఒక చిన్న బల్బునుంచి వస్తుంది, బల్బు మాడిపోతే వలయమూ మాయమవుతుంది. అందుకే అమెరికన్ పీ-40 విమానాల్లో ఆ గాజుతోపాటు ఇనుప వలయమూ పూసా కూడా అమర్చేవారు. కొత్తదానికి పాతది కాపలాగా నిలవడం అప్పటికే అలవాటయిందన్నమాట.

రైఫిళ్ళ విషయంలో చెప్పుకోదగ్గ సంఘటన 1970 నవంబరులో జరిగింది. ఉత్తర వియత్నాంలోని సోన్ తాయ్ చెరసాలపై అమెరికన్ దళం రాత్రివేళ దాడి చేసింది. శిక్షణలో చీకటి కాల్పులు నిరాశ కలిగించడంతో, బజారులో దొరికే సింగిల్‌పాయింట్ గురిసాధనాలను కొని అమర్చుకున్నారు. ఆ గొట్టంలోంచి అవతలకు కనబడదు. ఒక కన్ను చుక్కను, రెండవ కన్ను లక్ష్యాన్ని చూస్తే, మనసు రెండింటినీ కలుపుతుంది. దాడి క్రమంగానే సాగింది, కాని చెరలో ఖైదీలు లేరు. వారిని ముందే వేరొకచోటికి తరలించారు. గురి ఎంత సరైనదైనా, లక్ష్యం అక్కడ ఉన్నదో లేదో చుక్క చెప్పదు కదా!

స్వీడన్‌లో 1974లో స్థాపితమైన ఎయిమ్‌పాయింట్ సంస్థ 1975లో తన తొలి ఎలక్ట్రానిక్ గురిసాధనాన్ని విడుదల చేసింది. 1997లో అమెరికన్ సైన్యం ఆ సంస్థ సాధనాన్ని ఎం68 అనే పేరుతో స్వీకరించింది. అంతకుముందు 1995లో, తుపాకి మీద పరికరాలు బిగించే పట్టాలకు పికటినీ ప్రమాణం ఏర్పడింది. అసలు కథ ఇక్కడే మలుపు తిరిగింది. పాత ఎం16 రైఫిల్‌కు పైన చేతిపిడి ఉండేది, వెనుక గురిరంధ్రం ఆ పిడిలోనే ఇమిడి ఉండేది. ఎం4లో గాజు బిగించాలంటే ఆ పిడిని ఊడదీయాలి. పిడితోపాటు వెనుక గురీ పోతుంది, ముందు పుల్ల ఒక్కటే మిగులుతుంది. జంట పోయి ఒంటరిగా మిగిలిన ఆ పుల్లకు తోడుగా పుట్టినదే మడతపెట్టే వెనుక గురిపలక.

గాజునూ పలకనూ ఏ ఎత్తున నిలపాలన్నదానికి రెండు పద్ధతులు స్థిరపడ్డాయి. మొదటిదానిలో ఇనుప గురిరేఖ గాజు నడిమధ్యగా పోతుంది. చుక్క ఆరితే తల కదపకుండానే పుల్ల అందుతుంది, కాని తక్కిన సమయమంతా ఆ పుల్ల చూపుకు అడ్డుగా నిలుస్తుంది. రెండవదానిలో గాజును కొంచెం ఎత్తుతారు. ఇనుప గురిరేఖ గాజు దిగువ మూడోవంతులో పోతుంది. చూపు తెరిపిగా ఉంటుంది, అవసరమైతే చెంపను కాస్త దించాలి. చుక్కను ప్రతిసారీ పుల్ల కొన మీద కూర్చోబెట్టాలనుకోవడం కొత్తవారి పొరపాటు. రెండూ దేనికది సరిచేసుకున్న స్వతంత్ర సాధనాలు. రెండింటినీ కలపబోతే నిదానం తప్ప ఒరిగేది లేదు.

బ్యాటరీలు ఇప్పుడు బాగా మెరుగుపడ్డాయి. ఎయిమ్‌పాయింట్ కాంప్ ఎం4 ఒక్క ఏఏ బ్యాటరీతో 80,000 గంటలు, అంటే తొమ్మిదేళ్ళకు పైగా, వెలుగుతుందని తయారీదారు చెబుతారు. ఇక ఇనుముతో పనేమిటని అడగవచ్చు. కాని ఆరిపోవడం ఒక్కటే ప్రమాదం కాదు. గాజు పగలవచ్చు, బురద కప్పవచ్చు, తెరిచి ఉన్న దీపం మీద వానచినుకు పడితే చుక్క చెదిరిపోవచ్చు. కొన్నిసార్లు చుక్క వెలుగుతూనే తప్పు చెబుతుంది. వేడి, చలి మారినప్పుడు గురి జరిగిపోతున్న లోపాన్ని దాచారన్న ఆరోపణ మీద, ఈయోటెక్ హోలోగ్రాఫిక్ సాధనాల విషయంలో 2015లో అమెరికన్ ప్రభుత్వంతో 2.56 కోట్ల డాలర్ల రాజీ కుదిరింది. ఆరిన దీపం కన్నా అబద్ధమాడే దీపం అపాయకరం. దాని అబద్ధాన్ని పసిగట్టడానికి పక్కన మరొక సాక్షి ఉండాలి.

ఆ సాక్షి కూడా ఊరికే సిద్ధంగా ఉండడు. కొన్న రోజున బిగించి, ఒక్కసారైనా గురి సరిచూడని పలక వట్టి అలంకారం. సరిచూసినా, పుల్ల మీద దృష్టి నిలపడం మరచిపోయిన కంటికి అది అక్కరకు రాదు. కరెంటు వచ్చాక కూడా మా ఇంట్లో అటక మీద లాంతరు ఉండేది. ఒక తుపాను రాత్రి దాన్ని దించితే కిరసనాయిలు లేదు, వత్తి మాడిపోయి ఉంది. ఉందన్న ధైర్యమే తప్ప వెలుగు లేకపోయింది. ఇనుప గురి మీద ఇంత రాయడానికి కారణం ఆ రాత్రేనేమో! పాతదాన్ని దాచుకుంటే చాలదు, దాన్ని వాడే చేతినీ చూపునూ కూడా నిలుపుకోవాలి.