ఉప్పు, ప్లాస్టిక్, మన ఫోన్ బ్యాటరీ

ఈ ఎపిసోడ్‌లో ఫోన్ బ్యాటరీ కథ చెప్పుకుందాం. మనకి ఇది ఉత్త సైన్స్ పాఠం కాదు, ఎందుకో చెప్తా.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కరెంటు స్తంభాలు కూలిపోయి చాలా ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అప్పుడు టార్చి అయినా, అయినవాళ్ళ క్షేమం కనుక్కోవాలన్నా ఫోనే దిక్కు. జనరేటర్ ఎక్కడుంటే అక్కడికి ఛార్జర్ పట్టుకుని వెళ్ళేవాళ్ళం.

ఇంకో పక్క చూడండి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ, విజయవాడలోనూ ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషుల ప్రాణాలు పోయాయి. ఆపదలో ఆదుకునేదీ లిథియం బ్యాటరీయే, ఇల్లు కాల్చేదీ అదే.

బ్యాటరీకి ప్లస్, మైనస్ ఉంటాయని తెలుసు కదా. ఆ రెండింటి మధ్య లిథియం అయాన్లు అటూ ఇటూ తిరగడానికి ఒక దారి కావాలి. దాన్నే ఎలక్ట్రోలైట్ అంటారు. 1991లో సోనీ కంపెనీ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్‌లోకి తెచ్చింది. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఈ ఎలక్ట్రోలైట్ ఎక్కువగా ద్రవమే, అదీ అంటుకునే ద్రవం. లోపల షార్ట్ అయి వేడెక్కితే మంటకి అదే మేత.

అంటుకోని దారి కోసం వెతుకులాట సోనీ కన్నా ముందే మొదలైంది. అది అర్థం కావాలంటే టెక్కలి పక్కన నౌపడ దాకా రండి. అక్కడి మడుల్లో పండే ఉప్పు కరగాలంటే, నీళ్ళలో కాదు, పొయ్యి మీద కరగాలంటే, 801 డిగ్రీల వేడి కావాలి. అలాంటిది 1914లో రీగాలో పనిచేసే పాల్ వాల్డెన్ ఒక వింత ఉప్పు గురించి రాశాడు. ఇథైల్ అమ్మోనియం నైట్రేట్ అని పేరు. సుమారు 12 డిగ్రీలకే కరిగిపోతుంది. అంటే మన దగ్గర చలికాలంలో కూడా అది గిన్నెలో నీళ్ళలాగే ఉంటుందన్నమాట. చుక్క నీరు కలపకపోయినా మొత్తం అయాన్లే. ఇలాంటి వాటినే ఇప్పుడు అయానిక్ లిక్విడ్స్ అంటున్నారు. చాలా రకాలు ఆవిరవ్వవు, తేలిగ్గా అంటుకోవు. అయినా దశాబ్దాల పాటు వాల్డెన్ ఉప్పుని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1992లో విల్క్స్, జావరాట్కో గాలికీ తేమకీ చెడిపోని రకాలు తయారుచేశాకే దీని మీద ఊపు వచ్చింది.

ఈలోగా 1973లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పీటర్ రైట్ బృందం పాలీఇథిలీన్ ఆక్సైడ్ అనే ప్లాస్టిక్‌లో ఉప్పు కలిసిపోతుందని చూపించింది. దీంతో బ్యాటరీ చెయ్యొచ్చు కదా అని 1978లో అన్నవాడు ఫ్రాన్స్‌కి చెందిన మిషెల్ ఆర్మాండ్. నా లెక్కలో ఈ కథకి అసలు మలుపు ఇదే. ద్రవం బదులు పల్చటి ప్లాస్టిక్ పొర!

కానీ ఆ ప్లాస్టిక్ చల్లగా ఉంటే గట్టిపడి అయాన్లని కదలనివ్వదు. సుమారు 60 డిగ్రీలు దాటితేనే దాని గొలుసులు వదులై దారి ఇస్తాయి. రోళ్ళు పగిలే రోహిణి ఎండ కూడా చాలదు. 2011లో పారిస్ వీధుల్లో అద్దెకి తిరిగిన బ్లూకార్లలో ఇలాంటి బ్యాటరీలే ఉండేవి. వాటిని ఎప్పుడూ వేడిగా ఉంచాల్సిందే. జేబులో పెట్టుకునే ఫోన్‌కి అది కుదిరే పనేనా?

2003లో షిన్, హెండర్సన్, పాసెరిని ఈ రెండు దారుల్నీ కలిపారు. ఆ ప్లాస్టిక్‌లో లిథియం ఉప్పుతో పాటు అయానిక్ లిక్విడ్ కూడా పోశారు. గొలుసులు మెత్తబడ్డాయి, మామూలు గది వేడిలోనే అయాన్ల కదలిక బాగా పెరిగింది. అదే ఏడాది మన తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఫిజిక్స్ వాళ్ళు వేరే ప్లాస్టిక్‌లు, పీవీపీ, పీవీఏ కలిపి, పొటాషియం ఉప్పు వేసి చేసిన బ్యాటరీ ఫలితాలు అచ్చువేశారు. లిథియం కాదు, అయానిక్ లిక్విడ్ కూడా లేదు. కానీ ప్లాస్టిక్‌లో ఉప్పు అనే ఆలోచన మన ల్యాబుల్లోనూ నడుస్తోందని చెప్పడానికి ఇది చాలు.

మరి మన ఫోన్‌లోకి ఎందుకు రాలేదు? మొదటిది ఖరీదు. రెండోది ఇంకా చిక్కు. అయానిక్ లిక్విడ్‌లో కదిలే అయాన్లన్నీ లిథియంవి కావు. పలాస బస్టాండులో పండగ రద్దీ ఊహించుకోండి. జనం బాగానే కదులుతుంటారు, మీరు ఎక్కాల్సిన బస్సు దగ్గరికి మాత్రం మీరు చేరలేరు. లిథియం పరిస్థితి అదే, అందుకే ఛార్జింగ్ నెమ్మది. ‘లిథియం పాలిమర్’ అని ఫోన్ బ్యాటరీ మీద రాసి ఉన్నా మోసపోకండి, మామూలుగా అందులోనూ ద్రవమో, ద్రవం పీల్చుకున్న జెల్లో ఉంటుంది.

ద్రవం తీసేస్తే భయం పోతుందా అంటే, అదీ లేదు. ఆ 2022 ఏప్రిల్‌లోనే పారిస్‌లో ప్లాస్టిక్ ఎలక్ట్రోలైట్ బ్యాటరీలున్న రెండు బస్సులు కాలిపోయాయి. అలాంటివి 149 బస్సుల్ని కొన్నాళ్ళు రోడ్డు మీద నుంచి తీసేశారు. వాటిలో వాడేది లిథియం లోహం. 180 డిగ్రీలకే కరుగుతుంది, అదే మండుతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో పలాస జీడిపిక్కల తొక్క నూనె లారీ బ్రేకుల్లోకి ఎలా వెళ్ళిందో చెప్తా. ఉంటాను మరి.