వ్యూహాత్మక వీడియో గేములలో చిన్న రాజ్యాల దౌత్యం, యుద్ధం: రాచకొండ, కొండవీటి చరిత్రతో పోలిక

ఉపోద్ఘాతం:
చరిత్రను ఇతివృత్తంగా తీసుకొన్న వ్యూహాత్మక వీడియో గేములు నేటి విద్యార్థులకు రాజనీతిని పరిచయం చేస్తున్న మాధ్యమాలలో ఒకటి. పెద్ద సామ్రాజ్యాల నడుమ మనుగడ సాగించే చిన్న రాజ్యాలను అవి ఎలా చిత్రిస్తున్నాయో, ఆ చిత్రణ చరిత్రకు ఎంతవరకు అనుగుణమో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కొనుగోలు చేసే మైత్రి:
2010లో వెలువడిన 'సివిలైజేషన్ 5' నగర రాజ్యాలను ప్రవేశపెట్టింది. ఇవి రెండో నగరాన్ని స్థాపించవు; ఆటలో గెలుపు వీటికి లేదు. ఆటగాడు బంగారం ఇచ్చి, లేదా అవి కోరిన పని నెరవేర్చి ప్రభావాన్ని సంపాదిస్తాడు. ఆ ప్రభావం 30కి చేరితే స్నేహం. 60కి చేరి, ఇతరులందరికంటే అధికమైతే మైత్రి. మిత్రుడు యుద్ధం ప్రకటిస్తే నగర రాజ్యమూ యుద్ధంలోకి దిగుతుంది. తనకు వైరి అయిన మరో నగర రాజ్యాన్ని నాశనం చేయమని అది కోరడమూ ఉంది. అంటే చిన్న రాజ్యపు వైరం పెద్ద రాజ్యానికి విన్నపంగానే కనిపిస్తుంది.

ఎంచుకొనే వైరం:
2013లో వచ్చిన 'యూరోపా యూనివర్సాలిస్ 4' పద్ధతి వేరు. 1444 నవంబరు 11న ఆరంభమయ్యే ఈ ఆటలో చిన్న రాజ్యాన్ని కూడా ఎంచుకొని పాలించవచ్చు. ప్రతి రాజ్యం ముగ్గురి వరకు ప్రత్యర్థులను ప్రకటించుకోగలదు. ఎవరైనా మితిమీరి విస్తరిస్తే, ఆగ్రహించిన రాజ్యాలు ఏకమై కూటమి కడతాయి. శత్రువు శత్రువే మిత్రుడనే కౌటిల్యుని మండల సిద్ధాంతానికి ఇది చేరువ.

తెలుగు నేల సాక్ష్యం:
ఈ రెండు నమూనాలను పరీక్షించడానికి, రెండవ ఆట ఆరంభ కాలానికి ముందే ముగిసిన ఒక వైరం ఉపకరిస్తుంది. కాకతీయ సామ్రాజ్య పతనానంతరం రాచకొండ రేచర్ల వెలమలకూ కొండవీటి రెడ్లకూ మధ్య తరతరాల వైరం సాగింది. వెలమలు చిరకాలం బహమనీల మిత్రులు. 15వ శతాబ్ది ఆరంభంలో కొండవీటి పెదకోమటి వేముడు ఫిరోజ్‌షా బహమనీ పక్షం చేరగా, వెలమలు విజయనగరం వైపు మళ్ళారు. రాజమహేంద్రవరంలో కాటయవేముడు రెడ్డి వంశీయుడైనా పెదకోమటి వేమునికి ఎదురుగా మొదటి దేవరాయల అండ పొందాడు. ఇక్కడ స్థిరమైనది పెద్దల పట్ల విధేయత కాదు, పొరుగువానితో పగ. సామ్రాజ్యాలు చిన్న రాజ్యాలను వాడుకొన్నట్లే, చిన్న రాజ్యాలూ సామ్రాజ్యాలను వాడుకొన్నాయి.

అయితే ఆ స్వాతంత్ర్యానికి మూల్యం ఉంది. 1444 నాటికి కొండవీటి రెడ్డి రాజ్యం లేదు.

ముగింపు:
మొదటి ఆట చిన్న రాజ్యాన్ని సామ్రాజ్యం కళ్ళతో చూస్తుంది. రెండవది దానికి సొంత శత్రువులను ఇస్తుంది. అందువల్ల దక్కను చరిత్రకు రెండవదే సన్నిహితం. కానీ ఒకే వంశంలోని శాఖలు చెరొక సామ్రాజ్యాన్ని ఆశ్రయించిన తీరు తెలియాలంటే శాసనాలనూ కావ్యాలనూ ఆశ్రయించక తప్పదు. తరగతి గదిలో ఆటను ఉదాహరణగా తీసుకొనే అధ్యాపకులు ఈ తేడాను విద్యార్థులకు చూపడం అవసరం.