శిబ్‌పూర్ తోటలో తంతి: సంకేతాన్ని అందుకునేది ఏది?

హౌరా అనగానే మనకు రైల్వే స్టేషనూ, పెద్ద వంతెనా గుర్తుకు వస్తాయి. ఈ పాఠం కోసం మనం ఆ రెండింటినీ దాటి, హుగ్లీ నది పడమటి ఒడ్డు వెంట దక్షిణంగా శిబ్‌పూర్ దాకా వెళ్ళాలి. అక్కడ 1787లో ఈస్టిండియా కంపెనీ నెలకొల్పిన వృక్షశాస్త్ర ఉద్యానవనం ఉంది. చూడవచ్చినవారంతా అక్కడి మహా మర్రిచెట్టు దగ్గరికే పోతారు. 1839 వేసవిలో ఆ తోటలోనే ఒక వైద్యుడు వెదురు గడలు పాతించి, వాటి మీద ఇనుప తీగ లాగించి, విద్యుత్తుతో కబురు పంపవచ్చునా అని పరీక్షించాడు.

డేటా సేకరణ వ్యవస్థలో సెన్సర్ ఇచ్చిన సంకేతాన్ని అందుకునేది ఇన్‌పుట్ మాడ్యూల్. కంప్యూటర్ ఆజ్ఞను మోటారుకో, వాల్వుకో, దీపానికో చేర్చేది అవుట్‌పుట్ మాడ్యూల్. వీటిని ఎలా ఎంచుకోవాలన్న ప్రశ్న కంప్యూటర్లతో పుట్టినది కాదు. తీగకు ఒక చివర ఏమి తగిలించాలి, రెండో చివర ఏమి తగిలించాలి అని మొదటిసారి తల పట్టుకున్నవారు తంతి పరిశోధకులు.

శిబ్‌పూర్ ప్రయోగం చేసినది విలియం బ్రూక్ ఓషానెస్సీ. ఐర్లండులో పుట్టి, 1833లో కంపెనీ కొలువు మీద కలకత్తా వచ్చి, అక్కడి మెడికల్ కాలేజీలో రసాయనశాస్త్రం బోధించేవారు. (కలరా రోగుల రక్తాన్ని పరీక్షించి, పోయిన నీటినీ లవణాలనూ తిరిగి ఎక్కించాలని చెప్పినది కూడా ఈయనే. అది మరో పాఠానికి తగిన కథ.) తోట అధికారి నథానియల్ వాలిక్ సహకారంతో ఆయన అమర్చిన తంతి మార్గం పొడవు సుమారు 21 మైళ్ళు. అందులో 7,000 అడుగుల మేర తీగే లేదు. హుగ్లీ నీరే విద్యుద్వాహకం.

తీగ సిద్ధమైంది. అవతలి చివర సంకేతాన్ని పట్టేది ఏది? అదే సంవత్సరం ఇంగ్లండులో కుక్, వీట్‌స్టన్ అనే ఇద్దరు పాడింగ్టన్ నుంచి వెస్ట్ డ్రేటన్ వరకు 13 మైళ్ళ రైలు మార్గం వెంట తంతి నడిపారు. వారు అయస్కాంత సూచికలను ఎంచుకున్నారు. ఏ రెండు సూచికలు కదిలితే ఏ అక్షరమో పలక మీదే చదువుకోవచ్చు. ఎంతో సులువు. కాని ఒక్కొక్క సూచికకు ఒక్కొక్క తీగ కావాలి. చదవడం సులువు చేసినందుకు తీగల ఖర్చు పెరిగింది. ఇవాళ మనం మాడ్యూలుకు ఎన్ని చానళ్ళు అని లెక్క వేసేది ఈ బేరాన్నే.

ఓషానెస్సీ దగ్గర ఒకే తీగ వరస. తీగ పలుచన, పొడవు ఎక్కువ. అంటే నిరోధం ఎక్కువ. అంత దూరం పోయిన బలహీన ప్రవాహం సూచికను కదల్చడం కష్టం. అందుకని ఆయన ప్రేరిత విద్యుత్తును వాడారు. తీగచుట్టలో పుట్టే ఆ విద్యుత్తుకు వోల్టేజి ఎక్కువ. దానిని అందుకునే పరికరం మనిషి వేలు! అవతల కూర్చున్నవారి వేలికి చురుక్కుమంటే సంకేతం వచ్చినట్లు. నవ్వవద్దు. ఆ పరిస్థితిలో చేతికి అందిన సాధనాల్లో చవకైనదీ, చురుకైనదీ అదే.

మరి వేలికి ఏమీ తగలలేదనుకోండి. పంపేవారు ఏమీ పంపలేదా? లేక మధ్యలో తీగ తెగిందా? వేలు ఈ రెండింటికీ తేడా చెప్పలేదు. తంతి కబురు మీద ఓడల రాకపోకలు, సైన్యాల కదలికలు ఆధారపడే రోజు వస్తే ఈ సందిగ్ధం చిన్నది కాదు. పైగా వేలు అలసిపోతుంది. తగిలినదానికి ఆనవాలు మిగలదు.

ఈ మౌనానికి అర్థం చెప్పడానికి తర్వాతి తరాలు చేసిన ఏర్పాటే పరిశ్రమల్లో కనిపించే 4–20 మిల్లీఆంపియర్ వలయం. ట్యాంకు ఖాళీగా ఉంటే 4, నిండితే 20. సున్నా వచ్చిందంటే ట్యాంకు ఖాళీ అని కాదు, తీగ తెగిందని. వోల్టేజికి బదులు ప్రవాహాన్ని వాడటంలో ఇంకో లాభం: తీగ నిరోధం పెరిగినా, ఒక హద్దు వరకు, కొలత మారదు. దూరపు సెన్సర్లకు ఇన్‌పుట్ మాడ్యూల్ కొనేటప్పుడు మొదట చూడవలసినది ఇదే. బిట్ల సంఖ్య తర్వాతి మాట. 12 బిట్ల మాడ్యూల్ 0–100 డిగ్రీల వ్యాప్తిని 4,096 మెట్లుగా విడగొడుతుంది, అంటే మెట్టుకు 0.025 డిగ్రీ కూడా ఉండదు. మీ థర్మోకపులే రెండు డిగ్రీలు తప్పు చూపుతుంటే 16 బిట్లకు డబ్బు పోయడం దండగ.

హుగ్లీ నీటి సంగతీ మరచిపోవద్దు. తిరుగు తీగ ఖర్చు మిగిలింది, నిజమే. కాని నేలనూ నీటినీ ఉమ్మడి దారిగా వాడితే అందులో పారే ఇతర విద్యుత్తులు కూడా మన వలయంలో చొరబడతాయి. పెద్ద మోటార్లున్న కర్మాగారంలో రెండేసి తీగల మధ్య తేడాను మాత్రమే కొలిచే డిఫరెన్షియల్ ఇన్‌పుట్‌నూ, కాంతి ద్వారా సంకేతాన్ని దాటించే ఆప్టోకప్లర్‌నూ కోరేది అందుకే.

తోట ప్రయోగం తర్వాత దాదాపు పదేళ్ళు ప్రభుత్వం కదలలేదు. చివరకు 1851లో కలకత్తా–డైమండ్ హార్బర్ మార్గం పని చేసింది. ఈసారి ఓషానెస్సీ పలుచని తీగ మానేసి లావుపాటి ఇనుప కడ్డీ వాడారు. గాలివానలకు, కాకులకు, గుంపులుగా దూకే కోతులకు అది లొంగలేదు. వేలి స్థానంలో ఆయన రూపొందించిన చిన్న సూచిక వచ్చింది. శివచంద్ర నంది అనే బెంగాలీ సహాయకుడు ఈ పనిలో కుడిభుజంగా నిలిచారు. 1855 నాటికి కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసు కలిశాయి. తర్వాత మోర్స్ యంత్రం వచ్చి కాగితపు పట్టీ మీద చుక్కలూ గీతలూ గీసింది. ఇప్పుడు సంకేతానికి ఆనవాలు మిగిలింది. చిత్రమేమంటే, గుమాస్తాలు కొన్నాళ్ళకు ఆ పట్టీ చూడటం మానేసి టకటకలను చెవితోనే చదవసాగారు. తంతి వచ్చిందంటే మన ఇళ్ళలో గుండె జల్లుమనేది. ఆ సేవ 2013 జూలైలో ముగిసింది.

అవుట్‌పుట్ వైపు ఒక్క మాట. దీపం వెలిగించడానికి, పంపు ఆన్ చేయడానికి రిలే చాలు; ఏసీ అయినా డీసీ అయినా దానికి ఒకటే. కాని దాని పలకలు కదలడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది, పదే పదే కొట్టుకుంటే అరిగిపోతాయి. సెకనుకు వందల స్పందనలు పంపాలంటే ట్రాన్సిస్టర్ అవుట్‌పుట్ తీసుకోవాలి.

ఎంత త్వరగా కొలవాలన్న ప్రశ్నకు కలకత్తాలోనే మరో జవాబు దొరుకుతుంది. జగదీశ్ చంద్ర బోస్ మొక్కల స్పందనను మసి పూసిన గాజు పలక మీద నమోదు చేయబోయారు. మొక్క కదలిక మరీ బలహీనం. సూది పలకను ఒరుసుకుంటే ఆ రాపిడికే ఆగిపోతుంది. అందుకని ఆయన సూదిని కంపింపజేశారు. అది పలకను తాకి, వదిలి, మళ్ళీ తాకుతూ చుక్కలు పెడుతుంది. రెండు చుక్కల మధ్య కాలం ముందే తెలుసు కనుక, చుక్కలను లెక్కపెడితే మొక్క ఎంతసేపటికి స్పందించిందో తెలుస్తుంది. మన మాడ్యూల్ నిర్ణీత వ్యవధుల్లో తీసే నమూనా అచ్చం ఇలాంటి చుక్కే. చుక్కలు మరీ దూరమైతే మధ్యలో మొక్క ఏమి చేసిందో పలకకు తెలియదు. శిబ్‌పూర్ తోటకు 2009లో బోస్ పేరే పెట్టారు.