మిరపకాయ చెప్పే చరిత్ర

చిన్నప్పుడు మా ఇంట్లో తద్దినం వచ్చినప్పుడల్లా నన్నొక ప్రశ్న వేధించేది. ఏడాది పొడుగునా మిరపకాయ లేనిదే ముద్ద దిగని ఇంట్లో ఆ ఒక్కరోజు మిరపకాయ కనిపించేది కాదు. కారానికి మిరియాలే. బంగాళాదుంప కూడా ఆ పూట గడప తొక్కేది కాదు. "ఎందుకు నాయనమ్మా?" అని అడిగితే "పితృదేవతలకు పనికిరావురా" అనేది. అంతకు మించి ఆమెకూ తెలియదు, మంత్రం చదివే పురోహితుడికీ తెలియదు.

జవాబు నాకు తర్వాత చరిత్రలో దొరికింది. మిరప అమెరికా ఖండపు మొక్క. 1492లో కొలంబస్ అట్లాంటిక్ దాటాడు. 1498లో వాస్కోడగామా కాలికట్ చేరాడు. 1510లో గోవా పోర్చుగీసుల వశమయింది. మిరియాల కోసం వచ్చిన ఆ వర్తకుల ఓడల వెంటే మిరప మన తీరానికి చేరింది. తద్దినంలో నిషిద్ధమైనవన్నీ విదేశీయాలు కావు. కాని మిరప సంగతిలో మాత్రం, మార్పుకు లొంగని కర్మకాండ తనకు తెలియకుండానే పాత వంటింటిని కాపాడి పెట్టిందని నాకనిపిస్తుంది.

శ్రీనాథుడు పల్నాటి జొన్నకూటిని ఈసడించినట్టు చాటువులు ప్రచారంలో ఉన్నాయి. ఆ కూటిలోకి ఆయన ఏం నంజుకున్నాడో గాని, మిరపకాయ మాత్రం నంజుకోలేదు. ఆయన కాలానికి అది ఈ దేశానికే రాలేదు. ఇవాళ మిరపకు పేరుపడ్డ నేలల్లో ఆ పల్నాడు ఒకటి! "అనాదిగా వస్తున్న మన ఆహారం" అని రొమ్ము విరుచుకునేవారు కాస్త ఆగి ఆలోచించవలసిన విషయమిది.

ఇంతకూ ఈ కొత్త కాయకు పేరు పెట్టిందెవరు? ఏ పండిత పరిషత్తూ పెట్టలేదు. తమిళులు మిళగు నుంచి మిళగాయ్ అన్నారు. కన్నడిగులు మెణసు నుంచి మెణసినకాయి అన్నారు. మన మిరపలోనూ మిరియం జాడ కనిపిస్తుంది. బ్రెజిల్ నుంచి వచ్చిన చెట్టును మనవాళ్లు తాము ఎరిగిన జీడితోనూ మామిడితోనూ పోల్చి జీడిమామిడి అన్నారు. తెలియనిదాన్ని తెలిసినదాని పక్కన నిలబెట్టి పిలవడం శ్రమజీవుల భాషాశాస్త్రం. నాటేవాడూ, నూరే ఆడదీ, సంతలో అమ్మే మనిషీ కలిసి చేసిన పదసృష్టి అది.

అయితే పేరు ఒక్కోసారి చరిత్రను కప్పేస్తుంది కూడా. సీతాఫలం, రామాఫలం రెండూ అమెరికా ఖండపు పండ్లే. పేరు విన్నవాడు అరణ్యవాసంలో సీతమ్మ తిన్న పండనుకుంటాడు. ఈ మాయను గురజాడ ఏనాడో పట్టుకున్నాడు. కన్యాశుల్కంలో గిరీశం పొగాకుకు అమృతబిందువు నుంచి పుట్టిన పురాణం అంటగడతాడు. పొగాకూ అమెరికా నుంచి వచ్చినదే. మనం గిరీశాన్ని చూసి నవ్వుతాం. సీతాఫలాన్ని చూసి మాత్రం చేతులు జోడిస్తాం.

హైస్కూల్లో నా వ్యాసంలో ఒక మేష్టారు "మేస్త్రీ" అన్న మాట కొట్టేసి పక్కన "అన్యదేశ్యం" అని రాశారు. మా నాన్న తాపీమేస్త్రీ కింద కూలి. ఆ మాట తీసేస్తే ఆయన బతుకును ఏ మాటతో చెప్పాలో నాకు ఆనాడు తోచలేదు. మేస్త్రీ, బొత్తాం, బాల్చీ, అల్మారా, అనాస - ఇవన్నీ పోర్చుగీసు నుంచి మన నోళ్లలోకి వచ్చిన మాటలు. ఆయన మధ్యాహ్నం తినే పచ్చడి మెతుకుల్లోని మిరపకాయ కూడా ఆ ఓడల్లో వచ్చిందే. కాయను మింగి మాటను ఉమ్మేయమనడం ఎక్కడి న్యాయం?

ఈ ఇచ్చిపుచ్చుకోవడం అమాయకంగా జరిగిందని నేననడం లేదు. ఆ ఓడల్లో విత్తనాలతోపాటు ఫిరంగులూ వచ్చాయి. దోపిడీ వర్తకులది. కాని వచ్చిన విత్తును మన నేలకు అలవాటు చేసి, దానికి తెలుగు పేరు పెట్టి, రోట్లో నూరి తమదిగా చేసుకున్నది ప్రజలు. ఈ రెంటినీ వేరుచేసి చూడలేని రచయిత అయితే పరాయిదని తోసేస్తాడు, కాకపోతే సనాతనమని పూజిస్తాడు. రెండు దారుల్లోనూ ఆ నూరిన చేతులు మాత్రం కనపడకుండా పోతాయి.

సంస్కృతిని గురించి రాయబోయే యువరచయితలకు నా మనవి ఒక్కటే: శాసనాలు చదవండి, కావ్యాలు చదవండి, వాటితోపాటు మీ అమ్మ పోపులపెట్టె కూడా ఒకసారి తెరిచి చూడండి.