కీ ఇచ్చే గడియారాలు – వాటి సంరక్షణ

హిందూస్థాన్ మెషిన్ టూల్స్ సంస్థ 1961లో జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ సాంకేతిక సహకారంతో బెంగుళూరులో చేతి గడియారాల కర్మాగారాన్ని నెలకొల్పింది. దిగుమతి సరుకుగా ఉండిన వస్తువు క్రమంగా గుమాస్తా ముంజేతికీ, పల్లెటూరి ఉపాధ్యాయుని ముంజేతికీ చేరింది. పెళ్ళిలో అల్లుడికి పెట్టే కానుకల్లో హెచ్.ఎం.టి. వాచీకి స్థానం లభించింది. ఆ గడియారాల విభాగం మూసివేతకు కేంద్ర మంత్రివర్గం 2016 జనవరిలో ఆమోదం తెలిపింది. కర్మాగారం ఆగిపోయినా, గడియారాలు మాత్రం ఇళ్ళలోని బీరువాల్లో మిగిలే ఉన్నాయి.

వాటిలో చాలా వాటిని పాడైపోయినవని పక్కన పెట్టారు. నిజానికి అవి అరిగిపోయి ఆగినవి కావు; లోపలి నూనె ఎండిపోయి ఆగినవి. 'జనతా' వంటి గడియారంలో బ్యాలెన్స్ చక్రం గంటకు 18,000 సార్లు, అంటే రోజుకు 4,32,000 సార్లు కొట్టుకుంటుంది. ఇరుసుల రాపిడిని తగ్గించడానికి అమర్చినవే 17 కృత్రిమ కెంపులు. ఆ ఇరుసులకు కావలసిన నూనె అణుమాత్రం. అది చిక్కబడి, మన దేశపు దుమ్మూ చెమటా తోడైతే, ఆ జిగురే ఇరుసులను అరగదీస్తుంది. అందువల్ల కొన్నేళ్ళకొకసారి యంత్రాన్ని పూర్తిగా విప్పించి, శుభ్రం చేయించి, కొత్త నూనె వేయించాలి. పైపైన నూనె చుక్క వేసి ఇచ్చే మరమ్మతు మేలుకన్నా కీడే చేస్తుంది.

ఇంట్లో చేయవలసినది స్వల్పమే. ప్రతిదినం ఒకే వేళకు, చేతి నుంచి తీసి, కీ ఇవ్వాలి. బిగువు తెలియగానే ఆపాలి. నీటికీ, అయస్కాంతానికీ దూరంగా ఉంచాలి.

అసలు ప్రమాదం మరొక చోట ఉంది. పాత గడియారాలకు గిరాకీ పెరిగాక, వెలిసిన డయల్‌కు కొత్త రంగు పూసి, వేర్వేరు గడియారాల భాగాలను కలిపి, కొత్తదానిలా మెరిపించి అమ్మడం మొదలైంది. ఇది సంరక్షణ అనిపించుకోదు. మచ్చపడిన డయల్, దానిపై దేవనాగరిలో అచ్చయిన 'జనతా' అన్న పేరు, ఆ కాలపు సాక్ష్యాలు. రంగు పూస్తే అవి తిరిగిరావు. ఈ విచక్షణ తెలిసిన మరమ్మతుదారులు, 1980 దశకం చివర క్వార్ట్జ్ గడియారాలు వ్యాపించాక, తరిగిపోతూ వచ్చారు. విడిభాగాలకు ఆగిన మరో గడియారమే ఆధారం.

పాత గడియారం వెనుక మూత తెరిస్తే, లోపలివైపు సూదిమొనతో గీసిన సన్నని అంకెలు కొన్నిటిలో కనిపిస్తాయి. ఏ సంవత్సరం ఎవరు విప్పారో తమకు మాత్రమే తెలిసేలా మరమ్మతుదారులు పెట్టుకున్న గుర్తులవి.