అణుశాస్త్రం అంటే బాంబేనా? మన చెనిక్కాయ, మన బోరు నీళ్ల దగ్గర దానికేం పని?

అణు అనే మాట వినగానే మనకు బాంబు గుర్తొస్తుంది, లేదంటే కరెంటు ప్లాంటు. వార్తల్లో కూడా ఎక్కువగా కరెంటు సంగతే. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో చిన్న రియాక్టర్ల పరిశోధనకు 20,000 కోట్ల రూపాయలతో అణు ఇంధన మిషన్ ప్రకటించారు. 2033 కల్లా కనీసం ఐదు దేశీయ చిన్న రియాక్టర్లు, 2047 కల్లా 100 గిగావాట్ల అణు విద్యుత్తు అన్నది లక్ష్యం.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని అనంతపురం వైపు మాత్రం అణుశాస్త్రం వేరే దారిలో వచ్చింది. విత్తనంలో వచ్చింది, నీళ్ల లెక్కలో వచ్చింది, పక్క జిల్లాలో యురేనియం గనిగా వచ్చింది. ఈ మూడింటిలో దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు అన్నది ఒక్క తేడా తెలిస్తే అర్థమవుతుంది: కిరణం తగలడం వేరు, రేడియోధార్మిక పదార్థం మన ఒంట్లోకి పోవడం వేరు.

విత్తనం: రేడియేషన్ పెట్టింది తినొచ్చా?

ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో 1950ల చివర్లోనే వేరుశనగ విత్తనాలకు ఎక్స్‌రేలు పెట్టి చూడటం మొదలైంది. కిరణం తగిలితే విత్తనంలోని జన్యువుల్లో మార్పులు వస్తాయి. అందులో చాలావరకు పనికిరానివే. ఆ విత్తనాలు వేసి, వేల మొక్కల్లోంచి పనికొచ్చే ఒకటో రెండో మొక్కల్ని ఏరి, కొన్ని తరాలు పండించి రకాన్ని స్థిరం చేస్తారు. అలా 1973లో టీజీ-1 అనే లావు గింజ రకం విడుదలైంది. తర్వాత ఇలాంటి రకాల్ని ఒకదానితో ఒకటి సంకరం చేస్తూ వచ్చారు. 1991లో వచ్చిన టీఏజీ-24 ఆ వరసలోదే. పొట్టి చెట్టు, తొందరగా కోతకొస్తుంది. రబీలో బోరు కింద మన రైతులు కూడా వేసే రకం.

కదిరి కె-6 లాంటి రకాలు ఇలా వచ్చినవి కావు. అవి కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో మామూలు సంకరం పద్ధతిలో తయారైనవి. రెండు దారులూ పొలంలో పక్కపక్కనే ఉన్నాయి.

ఈ మాట ఇంట్లో చెప్తే అమ్మీ వెంటనే అడిగింది: "రేడియేషన్ పెట్టిన గింజ తింటే మనకేం కాదా?" ఆస్పత్రిలో ఎక్స్‌రే తీయించుకున్న మనిషి ఇంటికొచ్చాక వెలుగులు చిమ్మడు కదా, ఇదీ అంతే. ఎక్స్‌రే గానీ, గామా కిరణం గానీ తగిలి వెళ్లిపోతుంది, గింజలో మిగలదు. పైగా కిరణం తగిలింది ఎన్నో తరాల వెనకటి విత్తనానికి. మనం తినే కాయకు కాదు.

ఈ పరిశోధన ఇంకా సాగుతోంది. 2022 నవంబరులో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కలిసి జొన్న విత్తనాల్ని అంతరిక్ష కేంద్రానికి పంపాయి. అక్కడి కాస్మిక్ కిరణాలు తగిలి, 2023 ఏప్రిల్‌లో అవి తిరిగొచ్చాయి. ఎండను, కరువును తట్టుకునే గుణం ఏమైనా దొరుకుతుందా అని వెతుకుతున్నారు. జొన్న మనకు కొత్త పంట కాదు కాబట్టి ఆ ఫలితం మన పొలాలకూ అవసరమైనదే.

నీళ్లు: కురిసిన వానలో కిందికి దిగేదెంత?

వెయ్యి అడుగులు బోరు దించినా నీళ్లు పడని పల్లెలు మనకు తెలుసు. అసలు కురిసిన వానలో భూగర్భంలోకి చేరేది ఎంత? హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ దీన్ని ట్రిటియంతో కొలిచింది. ట్రిటియం అంటే హైడ్రోజన్‌లోనే బరువైన, రేడియోధార్మికత ఉన్న రూపం. వానాకాలానికి ముందు ట్రిటియం కలిపిన నీళ్లను రెండు మూడు అడుగుల లోతులో కొద్దిగా పెడతారు. వానలు అయ్యాక మట్టి తవ్వి ఆ గుర్తు ఎంత కిందికి జరిగిందో చూస్తారు. ఆ మధ్య మట్టిలో ఉన్న తేమే ఆ ఏడాది దిగిన నీటి లెక్క. ఇక్కడ పదార్థమే నేలలోకి పోతుంది. అందుకే చాలా కొద్ది మోతాదు వాడతారు. పైగా 12.3 ఏళ్లకోసారి అది సగానికి తగ్గిపోతూ ఉంటుంది.

నీటి వయసు కూడా ఇలాగే తెలుస్తుంది. 1950, 60లలో గాల్లో జరిపిన బాంబు పరీక్షల వల్ల ప్రపంచమంతా వాన నీళ్లలో ట్రిటియం పెరిగింది. ఒక బోరు నీళ్లలో అది దాదాపు లేదంటే, ఆ నీళ్లు అంతకుముందు కురిసిన వాన అన్నమాట. తాతల కాలం నాటి వాన. తోడితే మళ్లీ మన కాలంలో నిండదు. బ్యాంకులో అసలు తీసి ఖర్చు పెట్టుకోవడం లాంటిదే ఇది.

ఇప్పుడు కొత్తగా కాస్మిక్ న్యూట్రాన్ల మీటరు వచ్చింది. ఆకాశం నుంచి పడే కిరణాల వల్ల పుట్టే న్యూట్రాన్లను నేలలోని తేమ నెమ్మదింపజేస్తుంది. పొలంలో ఒక చోట పెట్టిన మీటరు చుట్టూ 150 నుంచి 200 మీటర్ల దాకా తేమ ఎంతుందో చెప్తుంది. దీనికి ఏ రేడియోధార్మిక పదార్థమూ అక్కర్లేదు.

యురేనియం: జాగ్రత్త పడాల్సింది ఇక్కడే

వైఎస్సార్ కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం కార్పొరేషన్ కర్మాగారం 2012లో మొదలైంది. అక్కడి రాయిలో సున్నం గుణం ఎక్కువ, యాసిడ్ పోస్తే రాయే దాన్ని తినేస్తుంది. అందుకని దేశంలో మొదటిసారి క్షార ద్రావణంతో, ఒత్తిడి మీద యురేనియం తీసే పద్ధతి పెట్టారు. ఒక టన్ను రాయిలో ఉండేది అరకిలో కూడా కాదు. అంటే మిగతాదంతా బురదగా వ్యర్థాల చెరువుకే పోతుంది. ఆ చెరువు వల్ల బోరు నీళ్లు పాడయ్యాయని చుట్టుపక్కల పల్లెల వాళ్లు 2018 నుంచి ఫిర్యాదు చేస్తున్నారు. కంపెనీ ఆ మాట ఒప్పుకోలేదు. ఈ చెరువుల్ని ఇంకకుండా కట్టడం, నీళ్లను మళ్లీ వాడటం అణు ఇంజనీరింగ్‌లో పెద్ద పని.

గని లేకపోయినా గ్రానైట్ రాతి నీళ్లలో యురేనియం సహజంగా ఉండొచ్చు. అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు 2018లో మన దేశంలో 16 రాష్ట్రాల భూగర్భ జలాల్లో దీని జాడ ఉందని చూపించారు. నీటి మట్టం పడిపోవడం కూడా ఒక కారణమన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి లీటరుకు 30 మైక్రోగ్రాములు. దాటితే భయం ముఖ్యంగా కిడ్నీలకు. రేడియేషన్ కంటే రసాయన విషంగానే ఇది ఎక్కువ హాని చేస్తుంది.

ఇంట్లో చేయగలిగినవి

బోరు నీళ్లు తాగే ఇంటివాళ్లు పరీక్ష చేయించేటప్పుడు ఫ్లోరైడ్‌తో పాటు యురేనియం కూడా చూడమని విడిగా అడగండి. మామూలు పరీక్షలో అది ఉండకపోవచ్చు. మరగబెడితే యురేనియం పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో ఫిల్టర్ చాలావరకు తీసేస్తుంది. చంటిపిల్లలకు, కిడ్నీ జబ్బు ఉన్న పెద్దలకు ముందు ఆ నీళ్లు ఇవ్వండి.

చెనిక్కాయలు మాత్రం నిశ్చింతగా తినండి.